జాతులు మారతాయని సృష్టివాదులూ ఒప్పుకుంటున్నప్పుడు వాదం దేని మీద?

ప్రశ్న — సిన్సినాటి తండ్రి

అందరికీ నమస్కారం. మేము పదకొండేళ్ళుగా అమెరికాలో సిన్సినాటి దగ్గర ఉంటున్నాము. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పోయిన నెల స్నేహితురాలి కుటుంబంతో కలిసి కెంటకీ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌కు వెళ్ళి, అక్కడి ఆర్క్ ఎన్‌కౌంటర్ చూసి వచ్చింది. నోవహు ఓడను 510 అడుగుల పొడవున కట్టి 2016లో తెరిచిన ప్రదర్శనశాల అది. భూమి వయసు సుమారు 6,000 ఏళ్ళేనని, జలప్రళయం క్రీ.పూ. 2348లో వచ్చిందని నమ్మే సృష్టివాదులు దాన్ని నడుపుతున్నారు.

జీవజాతులు ఎప్పటికీ మారవని అక్కడివారు చెబుతారని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అమ్మాయి చెప్పింది విన్నాక నా ఊహ తప్పని తెలిసింది. వారి లెక్కలో ఓడ ఎక్కినవి నేడు మనం చూసే జాతులన్నీ కావు. సుమారు 1,400 మూల రకాలు మాత్రమే. కుక్కల రకం ఒకటి ఎక్కితే దాని సంతానంగా తోడేలు, నక్క, ఊరకుక్క వచ్చాయట. పిల్లుల రకం నుంచి పులి, సింహం, చిరుత, ఇంటిపిల్లి వచ్చాయట. డైనోసార్ల రకాలు కూడా ఓడలో ఉన్నాయట. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరులో కోటసారస్ అస్థిపంజరం ముందు అరగంట నిలబడిన పిల్ల కాబట్టి ఆ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని చెప్పింది.

తన బడి పుస్తకంలో గలపాగోస్ దీవుల ఫించ్ పిట్టల పాఠం ఉంది. ఆహారాన్ని బట్టి వాటి ముక్కులు తరతరానికీ మారాయని ఆ పాఠం చెబుతుంది. "బడిలోనూ మారాయనే అంటున్నారు, అక్కడా మారాయనే అంటున్నారు, మరి తగువు ఎక్కడ నాన్నా?" అని అడిగింది. స్నేహితురాలి తండ్రి ఎంతో మర్యాదస్థుడు. ఆయన తనతో, "ముక్కు మారినా ఫించ్ ఫించే కదమ్మా, అది గద్ద అయిందని ఎవరూ చూడలేదు" అన్నారట. నేను పదో తరగతితో జీవశాస్త్రం వదిలేసి ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. ఆయన నమ్మకాన్ని కించపరచకుండా, పిల్లకు నిజాయితీగా ఏం చెప్పాలో తెలియక మిమ్మల్ని అడుగుతున్నాను.

జవాబు 1 — విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

మీ అమ్మాయి అడగవలసిన చోటే అడిగింది. తగువు జాతులు మారతాయా లేదా అన్నది కాదు. మారుతూ మారుతూ పోయే జీవికి ఒకచోట దాటలేని కంచె ఉందా లేదా అన్నది. కంచె ఉందనేవారు అది ఎక్కడుందో చూపించాలి. నా వాదమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఫించ్‌ల సంగతి సరిగ్గా చూద్దాం. పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మగా, రెండు వాక్యాలుగా మిగిలిపోవడం వల్ల ఆ పరిశోధన బలం పిల్లలకు అందడం లేదు. డాఫ్నే మేజర్ గలపాగోస్‌లో అర చదరపు కిలోమీటరైనా లేని చిన్న దీవి. జీవశాస్త్రవేత్తలైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి నలభై ఏళ్ళపాటు ఏటా అక్కడికి వెళ్ళి, పిట్టలను పట్టి, కాళ్ళకు గుర్తు కడియాలు వేసి, ముక్కులు కొలిచి వదిలారు. 1977లో అక్కడ కురిసిన వాన 24 మిల్లీమీటర్లే. మెత్తని చిన్న గింజలు త్వరగా అయిపోయాయి. ఎక్కువగా మిగిలినది ట్రిబ్యులస్ అనే మొక్క కాయలు. అది మన చేలగట్ల మీద అరికాళ్ళలో దిగే పల్లేరుకు దగ్గరి చుట్టం. పల్లేరుకాయను చిదిమి లోపలి గింజ తీయబోయినవారికి అది ఎంత మొండిదో తెలుసు. ఆ ఒక్క కరువులో మధ్యరకం నేల ఫించ్‌లు నూటికి 85 వరకు పోయాయి. కరువుకు ముందున్న సగటుతో పోలిస్తే, బతికి బయటపడ్డవాటి ముక్కు మందం సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. అర మిల్లీమీటరు అంటే మనకు లెక్కలోకి రాదు గానీ, ఆ పిట్టకు అది కాయ పగలడానికీ పగలకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

ఇక్కడ పిల్లలు తరచూ పొరబడతారు. ఏ పిట్టా అవసరం కొద్దీ తన ముక్కు పెంచుకోలేదు. మందపు ముక్కు ఉన్నవి ముందునుంచీ ఉన్నాయి, అవి బతికాయి, ఆ లక్షణం తల్లిదండ్రుల నుంచి బలంగా సంక్రమించేది కాబట్టి వాటి పిల్లలకూ వచ్చింది. ప్రకృతివరణం అంటే ఇంతే. 1983లో ఎల్‌నినో వానలు ముంచెత్తి, దీవి చిన్న గింజల మొక్కలతో నిండిపోయాక, వరణం మళ్ళీ చిన్న ముక్కుల వైపు తిరిగింది.

"ఫించ్ ఫించే" అన్న మాటకు వద్దాం. ఫించ్ అన్నది ఒక జాతి పేరు కాదు. ఎన్నో జాతులకు వాడే వదులైన పేరు. నిజానికి గలపాగోస్ పిట్టలు టానెజర్లు అనే మరో పిట్టల కుటుంబానికి చెందినవని నేటి వర్గీకరణ చెబుతోంది. పైగా, కొత్త వంశం పుట్టడం ఎవరూ చూడలేదన్నది కూడా సరికాదు. 1981లో డాఫ్నే మేజర్‌కు పరాయి మగపిట్ట ఒకటి వచ్చింది. స్థానిక పిట్టలకన్నా పెద్దది, పాట వేరు. అది స్థానిక ఆడపిట్టతో జతకట్టింది. మగపిల్లలు పాటను తండ్రి దగ్గర నేర్చుకుంటాయి కాబట్టి కొడుకులకు ఆ పరాయి పాటే వచ్చింది. ఆ పాట స్థానిక ఆడపిట్టలను ఆకర్షించలేదు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఆ వంశం తనలో తానే జతకట్టడం మొదలుపెట్టింది. ఆ మొదటి పిట్ట వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పానోలా దీవిదని 2017లో జన్యుపరీక్షలు చెప్పాయి. ఆ వంశంలో ఉన్నవి ముప్పై పిట్టలే కాబట్టి అది కలకాలం నిలుస్తుందని నేను అనను. కానీ ఒక గుంపు తన చుట్టూ ఉన్నవాటి నుంచి వేరుపడి, వేరుగానే సంతానాన్ని కనడం మనుషుల కళ్ళ ముందు, నమోదు పుస్తకాలలో జరిగింది.

నాకు ఫించ్‌లకన్నా ప్రియమైన ఉదాహరణ ఒకటి ఉంది. గ్రీనిష్ వార్బ్లర్ అని పిచ్చుకకన్నా చిన్నదైన, ఆకుపచ్చ ఛాయ గల పిట్ట. హిమాలయాలలో ఒక రూపం ఉంటుంది. అక్కడి నుంచి టిబెట్ పీఠభూమికి పడమటి పక్కగా ఉత్తరానికి వెళ్తుంటే రూపమూ పాటా కొంచెం కొంచెంగా మారుతాయి. తూర్పు పక్కగా వెళ్ళినా అలాగే, కానీ వేరే తీరులో మారుతాయి. రెండు వరుసలూ చివరకు సైబీరియా అడవుల్లో కలుసుకుంటాయి; అక్కడ ఒకదాని పాటను మరొకటి తమవారి పాటగా గుర్తించదు, సాధారణంగా జతకట్టవు. అక్కడ నిలబడి చూస్తే రెండూ రెండు జాతులు. దక్షిణం మీదుగా చుట్టి వస్తే ఇక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలైందని వేలు పెట్టి చూపగల చోటు దొరకడం కష్టం. ఈ వలయం పూర్తిగా తెగకుండా సాగినది కాదని, కొన్నిచోట్ల గుంపులు కొంతకాలం విడిపోయి మళ్ళీ కలిశాయని 2014లో వచ్చిన జన్యు పరిశోధన చూపింది. అది కూడా పిల్లకు చెప్పండి. దాచిపెట్టి గెలిచే వాదం మనకు వద్దు.

సృష్టివాది దీనికి, "అవన్నీ ఒకే మూల రకంలోని తేడాలు" అంటారు. అక్కడే నా అభ్యంతరం. కంచె ముందుగా పాతి ఉంటే జీవి దాన్ని దాటిందో లేదో చూడవచ్చు. జీవి ఎంత దూరం పోతే కంచెను అంత దూరం జరుపుతూ ఉంటే, దాటలేదన్న మాటకు పరీక్ష అంటూ ఉండదు. గద్ద మాటా అంతే. ఫించ్ గద్ద అవుతుందని పరిణామ సిద్ధాంతం ఎన్నడూ చెప్పలేదు. నేడున్న కొమ్మ నేడున్న మరో కొమ్మగా మారదు. రెండు కొమ్మలూ వెనక్కి వెళితే ఒక బోదె దగ్గర కలుస్తాయని మాత్రమే చెబుతుంది.

మనవారిలో కొందరు మత్స్య, కూర్మ, వరాహ క్రమాన్ని చూపి ఇదంతా మనకు ముందే తెలుసంటారు. ఆ మాటతో మీ అమ్మాయికి జవాబు దొరకదు. అవతారమంటే ఒకే దైవం వేర్వేరు రూపాలలో దిగిరావడం. అందులో ఒక రూపం మరో రూపానికి పూర్వీకం కాదు.

జవాబు 2 — బైబిలు చదివే సైన్స్ టీచర్, గుంటూరు జిల్లా

వందనాలు. నేను క్రైస్తవుణ్ణి, హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది మన భాషకు సంబంధించినది. తెలుగు బైబిలులో, ఆదికాండము మొదటి అధ్యాయంలో, దేవుడు జీవులను వాటి వాటి "జాతి" ప్రకారము చేసినట్టు ఉంటుంది. మా పాఠ్యపుస్తకంలోనూ అదే మాట: పులి ఒక జాతి, సింహం ఒక జాతి. హీబ్రూ మూలంలో ఉన్నది "మీన్" అనే పదం. శాస్త్ర వర్గీకరణ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు పశువుల కాపరులూ రైతులూ వాడుకున్న మామూలు మాట. అమెరికాలో సృష్టివాదులు దానికి "కైండ్" అనే మాటా, శాస్త్రం చెప్పే జాతికి "స్పీషీస్" అనే మాటా వాడుకుని ఆ రెండింటి మధ్య ఎడం చూపగలుగుతున్నారు. తెలుగులో రెండూ ఒకే మాటలో కలిసిపోవడం వల్ల, జాతి మారుతుందని టీచరు అనగానే బైబిలు వాక్యాన్ని కాదంటున్నట్టు మా సంఘంలోని పిల్లలకు వినిపిస్తుంది. ఈ చిక్కు విప్పకుండా పాఠం మొదలుపెట్టడం నాకు ఎప్పుడూ సాధ్యపడలేదు.

రెండవది. మాస్టారు గారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ స్నేహితురాలి తండ్రి ప్రశ్నలో కొట్టిపారేయలేని భాగం ఒకటి ఉంది. 1977లో ముక్కులు ఒక వైపు జరిగాయి, 1983 తర్వాత మరో వైపు జరిగాయి. ఉన్నవాటిలో ఏవి మిగులుతాయో వరణం తేల్చింది, సరే. అంతకు ముందు లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? ఉత్పరివర్తనాలు, అంటే జన్యువులలో అనుకోకుండా వచ్చే మార్పులు, ఉన్నదాన్ని చెడగొట్టగలవే గానీ కొత్తది కూర్చలేవని సృష్టివాదుల పుస్తకాలలో పదేపదే ఉంటుంది. దీనికి నేరుగా జవాబు కావాలి.

నా వరకు విశ్వాసానికీ ఈ శాస్త్రానికీ పోట్లాట లేదు. జీవపరిణామపు వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త థియోడోసియస్ డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. పరిణామం దేవుడు సృష్టించే విధానమని అదే వ్యాసంలో రాశాడు. ఈ సిద్ధాంతం కేవలం ఊహకన్నా ఎక్కువైనదని పోపు రెండవ జాన్ పాల్ 1996లో శాస్త్రవేత్తల సభకు పంపిన సందేశంలో చెప్పారు. కాబట్టి ఆ అమ్మాయి ముందు దేవుడా, డార్వినా అన్న ఎంపిక పెట్టకండి.

జవాబు 3 — జన్యుశాస్త్ర పరిశోధక విద్యార్థిని, హైదరాబాదు

టీచర్ గారు అడిగినదానికి జవాబు ప్రయోగశాలలో ఉంది. అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988లో ఒకే బాక్టీరియా నుంచి పన్నెండు గుంపులు చేసి, పన్నెండు సీసాలలో విడివిడిగా పెంచడం మొదలుపెట్టారు. ప్రతి 500 తరాలకూ ఒకసారి నమూనాలను గడ్డకట్టించి దాచారు. సీసాలోని ద్రవంలో కొద్దిపాటి గ్లూకోజ్‌తో పాటు సిట్రేట్ (నిమ్మపులుపుకు సంబంధించిన లవణం) కూడా ఉంటుంది. గాలి తగిలే చోట సిట్రేట్‌ను తినలేకపోవడం ఈ బాక్టీరియాను గుర్తుపట్టే లక్షణాలలో ఒకటి. సుమారు 31,500వ తరం దగ్గర, పన్నెండింటిలో ఒక గుంపు సిట్రేట్ తినడం నేర్చింది. 2008లో ఆ ఫలితం ప్రచురించారు. ఆ తర్వాత 2012లో కారణం తేలింది: సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు వాటిలో ముందునుంచీ ఉంది గానీ గాలి లేనప్పుడు మాత్రమే పనిచేసేది. పొరపాటున దానికి రెండవ నకలు ఏర్పడింది. ఆ రెండవ నకలు, గాలి ఉన్నప్పుడు పనిచేసే వేరొక జన్యువు స్విచ్చు పక్కన పడింది.

ఇది కొత్త జన్యువు కాదు, పాతదానికి కొత్త స్విచ్చే కదా అని సృష్టివాదులు అంటారు. అవును, సరిగ్గా అదే. పరిణామంలో కొత్తదనం శూన్యం నుంచి ఊడిపడదు. ఉన్నది నకలవుతుంది, ఒక నకలు పాత పని చేస్తూ ఉంటే రెండవది మారడానికి స్వేచ్ఛ దొరుకుతుంది. అంటార్కిటికా సముద్రపు చేపల రక్తం చలికి మంచుగా మారకుండా కాపాడే ప్రోటీను జన్యువు, ఒక జీర్ణరసపు జన్యువులోని ముక్కల నుంచి తయారైందని 1997లో చూపించారు. చెడగొట్టడమే అయితే ఆ చేపలు మంచునీటిలో ఈదలేవు.

మాస్టారు గారు కంచె ఎక్కడని అడిగారు. సృష్టివాదులు గట్టిగా నిలబడే కంచె నిజానికి ఒక్కటే, మనిషికీ వానరాలకూ మధ్య ఉన్నది. అక్కడ మన కణాలలో ఏముందో చూడండి. కుక్క, ఆవు, ఎలుక తమకు కావలసిన విటమిన్ సిని తామే తయారుచేసుకుంటాయి. మనం ఉసిరికాయో నిమ్మకాయో తినాలి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన జన్యువు మనలో లేకపోలేదు, చెడిపోయి పడి ఉంది. చింపాంజీలోనూ, కోతులలోనూ అదే జన్యువు చెడిపోయి ఉంది. గినీపిగ్‌లో కూడా చెడిపోయింది గానీ అక్కడి నష్టం తీరు వేరు. రెండు ఇళ్ళలో పాత్రలు ఒకేలా ఉంటే ఒకే కంసాలి చేశాడనుకోవచ్చు. రెండిళ్ళ పాత్రలకూ సొట్టలు కూడా ఒకేచోట ఉంటే ఏమనుకోవాలి?

మనిషికి 46 క్రోమోజోములు, చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 48. పూర్వీకులు ఒకటే అయితే ఒక జత ఎటు పోయింది? క్రోమోజోము కొసల్లో మాత్రమే ఉండవలసిన వరుసలు మన రెండవ క్రోమోజోము నడుమ ఎదురెదురుగా అతుక్కుని ఉన్నాయని 1991లో కనుగొన్నారు. పనిచేయడం మానేసిన రెండవ సెంట్రోమియర్ (మామూలుగా క్రోమోజోముకు ఒక్కటే ఉండే నడుము ముడి) జాడ కూడా అందులోనే ఉంది. అవి ఒకప్పుడు రెండు క్రోమోజోములు. జీవులను ఒక తెలివైన శక్తి రూపొందించిందన్న వాదాన్ని బడిలో పరిణామానికి పోటీగా చెప్పవచ్చా అన్న పెన్సిల్వేనియాలోని డోవర్ బడుల కేసు 2005లో కోర్టుకు వచ్చినప్పుడు జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ ఈ సంగతినే వివరించారు. ఆయనా కాథలిక్ విశ్వాసే. క్రోమోజోముల సంఖ్య తేడాయే అడ్డమని ఎవరైనా అంటే, గుర్రానికి 64, గాడిదకు 62 ఉన్నాయని, అయినా ఆ రెండింటినీ ఒకే మూల రకమని సృష్టివాదులే అంటారని గుర్తుచేయండి.

జవాబు 4 — చరిత్ర విద్యార్థి

నేను జీవశాస్త్రం చదవలేదు, కానీ ప్రశ్నలోని తేదీ నన్ను ఆపింది. ప్రళయం క్రీ.పూ. 2348 అంటే నేటికి 4,370 ఏళ్ళు. నేల మీద బతికే వెన్నెముక జీవులు ఇప్పుడు 30,000 జాతులకు పైనే ఉన్నాయి. 1,400 రకాల నుంచి ఇన్ని రావాలంటే ఏడాదికి సగటున ఆరేడు కొత్త జాతులు పుట్టి ఉండాలి. ఇంత వేగాన్ని ఏ పరిణామవాదీ అడగలేదు.

పైగా సింధు నాగరికత ముద్రలు ఉన్నాయి. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా చెక్కిన ఆ ముద్రల మీద పులి చారలతో సహా ఉంది. మడతల తోలుతో ఒంటికొమ్ము ఖడ్గమృగం ఉంది, ఏనుగు ఉంది, మూపురపు ఎద్దు ఉంది. ఇవేవీ నేటివాటికి భిన్నంగా లేవు. ఈ కాలం అంచనా ఆ ముద్రల మీదే ఆధారపడినది కూడా కాదు. మెసపటోమియాలోని ఊర్ నగరంలో సింధు ముద్రలు దొరకడం వల్ల అక్కడి రాజుల కాలక్రమంతోనూ సరిపోల్చారు. ఓడ దిగిన ఒక పిల్లుల రకం నుంచి పులీ, సింహమూ, ఇంటిపిల్లీ విడిపోవాలంటే, ఆ ముద్రలలో చివరివాటి దాకా లెక్కవేసినా 450 ఏళ్ళు కూడా మిగలవు. ఆ తర్వాత నాలుగువేల ఏళ్ళు పులి ఎందుకు మారకుండా ఉండిపోయింది?

సిన్సినాటి తండ్రి

అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మీ జవాబులన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. బాక్టీరియా సంగతిని రెండుసార్లు చదివించుకుంది. టీచర్ గారు చెప్పిన "జాతి" మాట విని, ఆ రెండు ఇంగ్లీషు మాటలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుంది. స్నేహితురాలి తండ్రిని వాదించి గెలవాలని తనకు లేదు. "మీ కంచె ఎక్కడుందో ముందుగా చెబితే, దాటిన జీవి ఉందో లేదో నేను వెతుకుతాను" అని అడుగుతానంది. ఆయన వినే మనిషే, కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు.

మాస్టారు గారికి తన తరఫున ఒక ప్రశ్న. ఈ డిసెంబరులో మేము అమలాపురం, మా అమ్మగారింటికి వస్తున్నాము. ఆ వార్బ్లర్ పిట్టను చూడాలంటే సైబీరియా వెళ్ళాలా అని అడుగుతోంది.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

అక్కర్లేదు. పడమటి వరుసకు చెందిన గ్రీనిష్ వార్బ్లర్లు వేసవి ఉత్తరాన గడిపి చలికాలానికి మన దేశానికే వస్తాయి, దక్షిణాదిలోనూ ఉంటాయి. డిసెంబరు సరైన సమయం. మామిడిచెట్టో చింతచెట్టో గుబురుగా ఉన్నచోట ఉదయం ఏడు గంటల ప్రాంతంలో నిలబడమనండి. ఆకుల మధ్య ఒకచోట నిలవకుండా పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంది; కంటి పైన లేత గీత, రెక్క మీద సన్నని తెల్లటి పట్టీ ఉంటాయి. ఆకు రంగులోనే ఉంటుంది కాబట్టి ముందు కన్ను కాదు, చెవి పెట్టాలి. సన్నగా, రెండు ముక్కలుగా పలికే పిలుపు వినిపిస్తే ఆ కొమ్మ వైపు కదలకుండా చూడాలి. దాన్ని పోలిన వలస పిట్టలు ఇంకా ఉన్నాయి, అందుకని పిలుపును ఫోనులో రికార్డు చేసి నాకు పంపండి, విని చెబుతాను.